ఒకే రోజున తీసిన ఎక్స్-రే, రేడియో పరిశీలనలను పోల్చవచ్చా?

సహచర తార నుండి ద్రవ్యాన్ని లాగుకుంటున్న న్యూట్రాన్ నక్షత్రాన్ని (పేలిపోయిన భారీ తారలో మిగిలిన అతి సాంద్రమైన గుండెను) ఒకే రోజున ఎక్స్-రేలోనూ రేడియోలోనూ చూసి ఉంటే, ఆ రెండు కొలతలను పోల్చడం సబబేనా అని మీరు అడిగారు. మీరు ఎంచుకున్న జంట (ఆ నక్షత్రం, దాని సహచర తార కలిపి) వెలుగు ఎంత త్వరగా మారుతుందో ముందు తెలుసుకోవాలి. జవాబు దానిలోనే ఉంది.

2017లో ప్రజ్వరిల్లిన స్విఫ్ట్ జె0243.6+6124 అనే జంట వెలుగు వారాల తరబడి పెరిగి తగ్గింది కనుక, అక్కడ ఒక పూట అటూ ఇటూ అయినా నష్టం లేదు. లక్ష కోట్ల గాస్ (అయస్కాంత బలానికి కొలమానం) స్థాయి అయస్కాంత క్షేత్రం ఉన్న న్యూట్రాన్ నక్షత్రం కూడా జెట్‌ను, అంటే రేడియోలో వెలిగే సన్నని ద్రవ్య ధారను, వెలువరించగలదని 2018లో తేలింది ఆ రకమైన పరిశీలనలతోనే.

పీఎస్‌ఆర్ జె1023+0038 అనే మరో జంట సంగతి వేరు. సెకనుకు సుమారు 592 సార్లు తిరిగే ఇందులోని న్యూట్రాన్ నక్షత్రం అంతకుముందు రేడియో పల్సర్‌గా, అంటే తిరిగే కొద్దీ క్రమంగా రేడియో స్పందనలు పంపే నక్షత్రంగా, కనబడేది. 2013 జూన్‌లో దాని రేడియో స్పందనలు కనబడకుండా పోయి, చుట్టూ ద్రవ్య చక్రం ఏర్పడింది. అప్పటి నుండి దాని ఎక్స్-రే వెలుగు ఎక్కువగా రెండు మెట్ల మధ్య ఊగుతోంది: పై మెట్టు నుండి కింది మెట్టుకు కొన్ని సెకన్లలోనే దిగి, కొన్ని నిమిషాల పాటు అక్కడ ఉండి, అంతే త్వరగా తిరిగి ఎక్కుతుంది. చంద్రా అనే ఎక్స్-రే ఉపగ్రహం, న్యూ మెక్సికోలోని వీఎల్‌ఏ రేడియో దూరదర్శినుల సముదాయం ఏకకాలంలో చూసినప్పుడు, ఎక్స్-రే కింది మెట్టుకు దిగిన ప్రతిసారీ రేడియో వెలుగు పెరుగుతున్నట్లు బయటపడింది. ద్రవ్యం ఎక్కువగా రాలినప్పుడు జెట్ బలపడుతుందన్న సాధారణ అంచనాకు ఇది పూర్తిగా ఎదురు. మొత్తం పరిశీలనకు ఒక్క సగటు తీసి ఉంటే ఈ విషయం కనబడేదే కాదు.

పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు ఇలాంటి బహిరంగ దత్తాంశాలతోనే సాధన చేస్తూ నేను బోల్తాపడ్డాను. ఎక్స్-రే ఫోటాన్ల (కాంతి కణాల) రాక వేళలను సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి సవరించి, అంటే భూమి కక్ష్యలో ఎక్కడుందన్న తేడా పోయేలా అక్కడికి చేరే వేళలుగా మార్చి, రేడియో వేళలను మాత్రం భూమి మీది గడియారం ప్రకారమే వదిలేశాను. నేను చూస్తున్న పీఎస్‌ఆర్ జె1023+0038 భూకక్ష్యా తలానికి దగ్గరగా ఉన్న దిశలో కనబడుతుంది కనుక, ఏడాదిలో ఏ కాలమన్నదాన్ని బట్టి ఆ సవరణ దాదాపు 8 నిమిషాల వరకు ఉంటుంది, అంటే ఇంచుమించు ఒక కింది మెట్టు ఉండే వ్యవధి. దానితో రెండింటికీ ఏ సంబంధమూ లేదని గీత గీసి మరీ చూపించాను! తప్పు పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది; అదీ, ఒక సహవిద్యార్థిని నా చేత రెండు ఫైళ్ల శీర్షభాగాలను (వేళలు ఏ పద్ధతివో రాసి ఉండే మొదటి భాగాలను) వరుసగా చదివించినందువల్ల.

వేళలు సరిపోయినా, ఉమ్మడిగా దొరికిన నిమిషాలెన్నో లెక్కపెట్టండి. శ్రీహరికోట నుండి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్ వంటి దిగువ కక్ష్య ఎక్స్-రే ఉపగ్రహానికి దాదాపు ప్రతి గంటన్నరకూ భూమి అడ్డువస్తుంది, చంద్రాది ఎంతో పొడవైన కక్ష్య కనుక గంటల తరబడి ఆపకుండా చూడగలదు. రేడియో డిష్‌లు కూడా నడుమ నడుమ ప్రమాణ మూలం (కొలతలు సరిచూసుకోవడానికి వాడే తెలిసిన రేడియో మూలం) వైపు తిరిగి వస్తాయి. ఆ ఖాళీలోనే ఎక్స్-రే కింది మెట్టుకు దిగితే మీకు దక్కేది సగం కథే. కాగితం మీద నాలుగు గంటలనుకున్న ఉమ్మడి పరిశీలన, ఇవన్నీ తీసివేశాక రెండు గంటల లోపుకు దిగడం నేను చూశాను.

వెలుగు విషయంలోనూ ఆశలు తగ్గించుకోండి. అంతే ఎక్స్-రే వెలుగున్న కృష్ణబిలం జంటతో పోలిస్తే న్యూట్రాన్ నక్షత్రపు జంటలు రేడియోలో సగటున 20 రెట్లు మసకగా ఉంటాయి కనుక, నిమిషాల ముక్కలుగా కోస్తే చాలా జంటలలో సంకేతమే మిగలదు. మీ జంట పేరు, రెండు పరిశీలనల ఆరంభ, ముగింపు వేళలు ఇక్కడ రాస్తే, ముక్కలు ఎంత చిన్నవి చేయవచ్చో చూసి చెబుతాను.