డిస్లెక్సియా ఉన్న అమ్మాయి లాయర్ కాగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. డిస్లెక్సియా ఉంది. చెబితే ఇట్టే పట్టుకుంటుంది, చదవమంటే మాత్రం పేజీకి పది నిమిషాలు. లాయర్ అవుతానంటోంది. క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ఎంట్రన్స్) కోచింగా, లాసెట్ (రాష్ట్ర లా కాలేజీల ఎంట్రన్స్) చాలా? డిసెబిలిటీ సర్టిఫికెట్ తీసుకుంటే రేపు సంబంధాలు రావని ఇంట్లో భయం.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అయ్యా, పైకి క్లాట్ గురించి అడిగారు గానీ మీ టెన్షనంతా ఆ చివరి వాక్యంలో ఉంది. ఈ మాట నాతో చాలామంది తల్లిదండ్రులు అన్నారు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

2016 దివ్యాంగుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలూ, ఆటిజమూ ఉన్నాయి. వైకల్యం 40 శాతం అని ధ్రువీకరిస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్ల కోటా, పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం. 40 రాకపోయినా అంతా అయిపోయినట్టు కాదు. చేత్తో రాయడం కష్టమైన ఓ సివిల్స్ అభ్యర్థికి, వికాశ్ కుమార్ కేసులో, ఆ 40 శాతం లేకున్నా స్క్రైబ్‌ను (చెబితే జవాబులు రాసిపెట్టే మనిషిని) ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ సర్టిఫికెట్‌ను శుభలేఖ మీద ఎవరూ అచ్చు వేయరండీ. ఊరూ పేరూ తెలియని పెళ్లికొడుకు కోసం, కళ్లెదుట ఉన్న పిల్లకు రెండు గంటల క్లాట్‌లో హక్కుగా వచ్చే 40 నిమిషాలు మీరే లాక్కుంటున్నారు.

ఇక క్లాట్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. 2020 నుంచి అదంతా పాసేజీలే. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, ఇంగ్లిష్‌లో ఒక్కో పాసేజీ దాదాపు 450 పదాలు, తప్పుకు పావు మార్కు కోత. లా బుర్ర ఉందా అన్నదానికంటే ఎంత వేగంగా చదువుతారన్నదే అక్కడ తేలుతుంది, కోర్టులో ఏ జడ్జీ స్టాప్‌వాచ్ పెట్టి కేసు కట్ట చదివించడు. పైగా అందరూ కలలు కనే ఆ కార్పొరేట్ ఫర్మ్ ఉద్యోగంలో మొదటి రెండు మూడేళ్లు చేసేది చాలావరకు అర్ధరాత్రి దాకా కాంట్రాక్టులు చదవడమే, అంటే సరిగ్గా మీ అమ్మాయికి కష్టమైన పనే. హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్ పేరు చూసి లక్షలు కోచింగ్‌కు పోసే ముందు రెండు మాక్ టెస్టులు రాయించండి, ఒకటి మామూలు టైమ్‌లో, ఇంకోటి 40 నిమిషాలు కలిపి. లాసెట్‌లో ప్రశ్నలు చిన్నవి, తెలుగులోనూ ఉంటాయి, నెగెటివ్ లేదు. ఆ పోలిక అంతే.

అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద ప్రభుత్వం తరఫున వాదించిన డేవిడ్ బోయీస్‌కు డిస్లెక్సియా. 2000లో అల్ గోర్ తరఫున అక్కడి సుప్రీంకోర్టులో నిలబడిందీ ఆయనే (ఓడిపోయారు, అది వేరే సంగతి). ట్రయల్ కోర్టులో సాక్షి చెప్పేది విని, పొంతన ఎక్కడ తప్పిందో అక్కడికక్కడే పట్టుకోవాలి. వింటే ఇట్టే పట్టుకుంటుందని మీరే రాశారు కదా. తీర్పులంటారా, ఫోనే చదివి వినిపిస్తుంది.

సెలవుల్లో తెలిసిన వకీలు దగ్గరికి పంపి, వారం పాటు జిల్లా కోర్టులో కూర్చోనివ్వండి. ఈలోగా యూడీఐడీకి (దివ్యాంగుల గుర్తింపు కార్డుకు) అప్లై చేయండి, తనకు చెప్పకుండా మాత్రం వద్దు.