స్కీలు పాతవైనా పర్వాలేదు, బూట్లు మాత్రం కాదు

అమెరికాలో డెన్వర్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు నవంబరు రాగానే అడిగేది ఇదే: అన్నా, మంచు కొండల మీద జారే స్కీ సామాను కొత్తది కొనాలా, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవాలా? మొదటి ఏడాది రెండూ వద్దు. నాలుగైదు సార్లు అద్దెకు తీసుకుని వెళ్లండి, మంచు ముఖం చూడకుండా పెరిగినవాళ్లకు ఇది నచ్చుతుందో లేదో ఒక్క రోజులో తెలియదు. కొండ మీద రిసార్టులో అద్దె ఎక్కువ, అందుకని ముందురోజు సాయంత్రం ఊళ్లోనే తీసుకుని కార్లో పెట్టుకోండి. పిల్లలకైతే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే షాపుల్లో సీజన్ మొత్తానికి అద్దె మాట్లాడేసుకోండి, ఎదిగే కాళ్లకు బూట్లు కొనడం దండగ.

నచ్చింది, వచ్చే ఏడాది కూడా వెళ్తాం అనుకున్నాక ముందు డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. నేను అలా చేయలేదు. ఆఫీసులో ఒకాయన దగ్గర స్కీలు, బూట్లు కలిపి 120 డాలర్లకు వస్తున్నాయని తీసేసుకున్నాను. బూటు కాస్త వదులుగా ఉంది, మందపాటి సాక్సులు రెండు జతలు వేసుకుంటే సరిపోతుందనుకున్నాను. లోపల మడమ లేచిపోతుంటే మనం కాలు ఎంత తిప్పినా స్కీ తిరగదు. ఆ రోజంతా పడుతూనే ఉన్నాను, వేళ్లు ముందుకు కొట్టుకుని రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి.

స్కీ బూటు సైజంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. షాపులో కొలిపించుకోండి. లోపలి మెత్తటి లైనర్ తీసేసి, బయటి గట్టి ప్లాస్టిక్ షెల్లో కాలు పెట్టి, కాలి వేళ్లు ముందు తగిలేలా నిలబడితే మడమ వెనక ఒకటి, రెండు చేతి వేళ్ల సందు ఉండాలి, మూడు పట్టాయంటే పెద్దదైనట్టే. పాత బూట్ల లైనర్ వేరేవాళ్ల పాదానికి అణిగిపోయి ఉంటుంది, ప్లాస్టిక్ గరాజులో ఊరికే పడి ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ ఏడాది మోడల్ కొత్త బూట్లే బాగా తగ్గించి అమ్ముతారు, అప్పటిదాకా ఆగండి.

స్కీలు మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో ధైర్యంగా తీసుకోవచ్చు. అడుగున చిన్న గీతలు షాపులో ట్యూనింగ్‌తో, అంటే అడుగు, అంచులు సాపు చేయిస్తే, పోతాయి. అంచు ఇనుము ఊడినా, లోపలి చెక్క కనిపించేంత గాటు పడినా వదిలేయండి. అసలు చూడాల్సింది బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడినప్పుడు బూటును వదిలేయాల్సింది అదే, వదలకపోతే మోకాలో, కాలి ఎముకో పోతుంది. ఏ బైండింగులకు తాము ఇంకా బాధ్యత తీసుకుంటామో కంపెనీలు ఏటా లిస్టు ఇస్తాయి, అందులో లేనిదాన్ని షాపువాళ్లు సరిచేయరు. నా 120 డాలర్ల స్కీలను టెక్నీషియన్ ఒక్కసారి చూసి వెనక్కి ఇచ్చేశాడు. అందుకే డబ్బులు ఇచ్చే ముందే బైండింగ్ మీద పేరు ఫోటో తీసుకుని షాపుకి ఫోన్ చేసి కనుక్కోండి. మీ బూటు అడుగు అందులో సరిపోతుందో కూడా అడగండి, ఎందుకంటే ఇప్పుడు చాలా బూట్లకు వచ్చే గ్రిప్‌వాక్ అడుగు (నడవడానికి వీలుగా వంపు తిరిగిన రబ్బరు అడుగు) చాలా పాత బైండింగుల్లో కుదరదు.

హెల్మెట్ కొత్తదే కొనండి, ఒకసారి గట్టి దెబ్బ తిన్న ఫోమ్ పైకి బాగానే కనిపిస్తుంది. జాకెట్లు, ప్యాంట్లు ఎవరు వాడినవైనా పర్వాలేదు, జీన్స్‌తో మాత్రం వెళ్లకండి, తడిస్తే ఆరవు.

స్టూడెంట్లకు ఇంకో మాట. నలుగురు రూమ్మేట్లు డబ్బులేసుకుని ఒక సెట్ కొని వంతులవారీగా వాడటం చూశాను. అలా చేయకండి. బైండింగ్ ఎంత బలానికి వదలాలో మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత బాగా స్కీ చేస్తారన్నది చూసి పెడతారు. 85 కిలోల వాడికి పెట్టింది 55 కిలోల వాడు పడితే వదలకపోవచ్చు. మనిషి మారితే మళ్లీ షాపుకి తీసుకెళ్లాల్సిందే, ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో తిప్పే పని కాదు. అక్కడ బరువు అడిగినప్పుడు మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.