‘కల’ అంటే చేప కూడా అయితే, ‘బద్నాం’ అంటే బ్యాడ్ నేమేనా?

ప్రశ్న ఇది: తెలుగులో కల అంటే స్వప్నం, ఫిన్నిష్‌లో కల అంటే చేప. పలకడం కూడా ఒకేలా ఉంది. రెండింటికీ ఏదో పాత సంబంధం ఉన్నట్టే కదా?

లేదు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన దాయాదులు కారు.

చిన్న లెక్క చూడండి. ఒక భాషలో 20 హల్లులు, 5 హ్రస్వాచ్చులు ఉన్నాయనుకుందాం. గుణింతం కడితే 100 అక్షరాలు, రెండక్షరాల మాటలకు 10,000 రూపాలు. అలాంటి రెండు భాషల్లో వెయ్యేసి రెండక్షరాల మాటలుంటే, ఏ సంబంధమూ లేకపోయినా వంద దాకా మాటలు అచ్చంగా ఒకేలా తయారవుతాయి. కలవకపోతేనే వింత. దీనికి తోడు ‘చేపకీ నీళ్లకీ, నీళ్లకీ నిద్రకీ’ అంటూ అర్థాన్ని సాగదీసేవాళ్లుంటారు. అలా సాగదీస్తే దేన్నైనా దేనికైనా ముడిపెట్టొచ్చు.

ఫిన్నిష్ కలకి అసలు చుట్టం హంగేరియన్‌లో ఉంది: ‘హల్’. అక్కడ క, ఇక్కడ హ. ఒక్క మాటలోనే ఇలా ఉంటే నమ్మక్కర్లేదు. కానీ మూడు అనే అంకె ఫిన్నిష్‌లో ‘కొల్మె’, హంగేరియన్‌లో ‘హారొమ్’. చనిపోవడం అక్కడ ‘క్వొల్ల’, ఇక్కడ మళ్లీ ‘హల్’. అంటే హంగేరియన్‌లో చేపా చావూ ఒకే రూపంలోకి వచ్చి పడ్డాయి, ఫిన్నిష్‌తో పోల్చి చూస్తే తప్ప విడివడవు. మన కలకి తోబుట్టువులు తమిళంలో కనవు, కన్నడంలో కనసు. ఒక్క గడప దాటేసరికి ‘న’ కనిపిస్తోంది, చేపతో పోలిక అక్కడే చెదిరిపోయింది.

ఇంతకంటే రుచికరమైన మాట బద్నాం. ‘బ్యాడ్ నేమ్’ని మనవాళ్లు నలిపి బద్నాం చేశారని ధీమాగా చెప్పేవాళ్లుంటారు. ఆ మాట పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. తమాషా ఏమిటంటే వాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం. నామ్ అనే సగం సంస్కృత నామకీ, లాటిన్ నోమెన్‌కీ, ఇంగ్లిషు నేమ్‌కీ సొంత రక్తమే. మొదటి సగం మాత్రం శుద్ధ కాకతాళీయం. పారసీక ‘బద్’ మధ్య పారసీకంలో ‘వద్’. ఆ భాషలో మాట మొదటి వకారం తర్వాతి కాలంలో బకారమైంది. గాలి ‘వాద్’ నుంచి ‘బాద్’ అయింది, సంస్కృతంలో వాతం. ఇరవై ‘బీస్త్’ అయింది, సంస్కృతంలో వింశతి. ఇంగ్లిషులో ఆ పాత వకారం చెదరలేదు, అందుకే బాద్‌కి అక్కడి చుట్టం ‘విండ్’. బద్‌కి కూడా ఇంగ్లిషులో చుట్టమంటూ ఉంటే అది వకారంతో మొదలవ్వాలి. బ్యాడ్ మధ్యకాలపు ఇంగ్లిషులోనే ‘బడ్డె’గా, బకారంతోనే కనిపిస్తుంది. రూపమూ అర్థమూ రెండూ కలిసినా మూలం కలవలేదు.

కాబట్టి మీరు సొంతంగా తేల్చుకోవాలంటే ముందు ఇంగ్లిషు అక్షరాలు వదిలేయండి. వాటిలో రాస్తే కల, కళ, కాల, కాళ అన్నీ ఒకే ముద్ద. నెట్‌లో తిరిగే ‘పోలికల పట్టిక’ల్లో సగం ఈ ముద్దలోంచి పుట్టినవే. తర్వాత ప్రత్యయాలు తీసేసి ధాతువును మిగల్చండి. ఆ తర్వాత దొరికినంత పాత రూపం, తోబుట్టువు భాషల్లోని రూపాలు వెతకండి. ద్రావిడ మాటలైతే బరో, ఎమెనోల వ్యుత్పత్తి నిఘంటువు 1984 నాటి రెండో కూర్పు చూడండి, అందులో ఒక్కో మూలం కింద అన్ని భాషల రూపాలూ వరసగా ఉంటాయి. మామూలు నిఘంటువులో ‘దేశ్యం’ అని ఉంటే సంస్కృతం నుంచి రాలేదని తెలుస్తుందంతే, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చివరగా, మీరు కనిపెట్టిన ధ్వని మార్పు కనీసం నాలుగైదు వేరే మాటల్లో కూడా జరిగిందో లేదో చూడండి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే, ఒక్క జత దొరకగానే ఆగిపోతారు.

ఈ పరీక్ష పెట్టకపోతే పండితులైనా పప్పులో కాలేస్తారు. లాటిన్ ‘హబేరె’, జర్మన్ ‘హాబెన్’ రెండిటికీ కలిగి ఉండడమనే అర్థం. కానీ లాటిన్ కకారానికి జర్మానిక్ భాషల్లో, అంటే జర్మన్, ఇంగ్లిషు ఉన్న కుటుంబంలో, హకారం రావాలి: కెంటుమ్‌కి హండ్రెడ్, కొర్నూకి హార్న్. ఆ లెక్కన హాబెన్‌కి జోడీ ‘కపెరె’, అంటే పట్టుకోవడం. హబేరె పరాయిది.

అమ్మ, మామ, పాప, అత్తల జోలికి అసలు పోకండి. పసిపిల్లల నోట ముందుగా పలికే ధ్వనులవి, ఎక్కడైనా పుడతాయి. జార్జియన్‌లో ‘మామ’ అంటే తండ్రి, ‘దేద’ అంటే తల్లి.

ఒకే మూలం ఉండి అర్థం మాత్రం చీలిపోయిన మాటలు వేరే సంగతి. శిక్ష మనకు దండన, హిందీలో చదువు. ఉపన్యాసం మనకు ప్రసంగం, హిందీలో నవల. ఇవి సంస్కృతంలోంచి రెండు ఇళ్లకు వెళ్లిన ఒకే మాటలు. వీటిని కలతో, చేపతో ఒకే గంపలో వేయకండి.