యూరప్ ప్రయాణంలో ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఎలా?

రెండు వారాల యూరప్ ప్రయాణంలో ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని చేసుకోవాలి, ఇంటర్నెట్ సంగతేమిటని అడిగారు. ల్యాప్‌టాప్ కోసం విడిగా ఏమీ కొననక్కర్లేదు. ఫోనులో అక్కడి డేటా వేసుకుని హాట్‌స్పాట్‌తో అందించడమే నా దృష్టిలో అన్నిటికంటే తేలిక.

మీ ఫోనులో ఈసిమ్ (కార్డు లేకుండా నెట్ ద్వారానే ఫోనులోకి ఎక్కే సిమ్) సౌకర్యం ఉంటే, బయలుదేరే ముందే అక్కడి ఈసిమ్‌ను ఇంటి వైఫై మీద ఎక్కించుకోండి. మన సిమ్ తీసేయవద్దు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి.

2017 జూన్ నుంచి ఐరోపా సమాఖ్య దేశాల మధ్య రోమింగ్‌కు సాధారణంగా అదనపు రుసుము లేదు. పారిస్‌లో కొన్న సిమ్ రోమ్‌లోనూ పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ ఈ సమాఖ్యలో లేదు. మ్యాపులో నట్టనడుమ కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి తట్టదు! ప్లాన్‌లో ఆ దేశం పేరుందా, హాట్‌స్పాట్‌కు అనుమతి ఉందా అన్నవి కొనేముందే చూడండి.

అసలు చిక్కు ల్యాప్‌టాప్‌తోనే. హాట్‌స్పాట్‌ను అది ఇంటి వైఫై అనుకుని, అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ అంటూ మీకు తెలియకుండానే గిగాబైట్లు తాగేస్తుంది. విండోస్‌లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’గా, అంటే డేటా పరిమితంగా వాడాల్సినదిగా మార్చండి. మ్యాక్‌లో అందుకు ‘లో డేటా మోడ్’ ఉంటుంది. క్లౌడ్ బ్యాకప్‌ను మీరే ఆపితే ఇంకా నయం.

పెద్ద ఫైళ్లను హోటల్ వైఫైకి వదిలేయండి. అక్కడ లాగిన్ పేజీ తెరుచుకోకపోతే వీపీఎన్‌ను (నెట్ రాకపోకలను గుప్తంగా ఉంచే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే కాసేపు ఆపి చూడండి.