కుట్లు, అల్లికలు: ముందు ఆ లివర్ దించండి

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. మా అత్తగారి పాత తొక్కుడు మిషన్ మీద దిండు గలీబులకు పూలు కుడదామని కూర్చున్నా. నాలుగు కుట్లు పడగానే కింద దారం ఉండ కట్టుకుపోతోంది, గుడ్డేమో ముడతలు. మా ఆయన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొందామంటున్నారు. కొనమంటారా?

జవాబు: అప్పుడే వద్దమ్మా. పూలు కుట్టేటప్పుడు సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం తీసేస్తాం కదా, పాదమే లేనప్పుడు దాని లివర్‌తో పనేముందిలే అని పైకే వదిలేస్తాం. అది పైకి ఉంటే పైదారం మీద టెన్షన్, అంటే బిగువు, పడదు, దారమంతా వదులుగా కిందికి జారి, కింది దారం చుట్టి ఉండే బాబిన్ దగ్గర చిక్కు పడుతుంది. చిక్కు కింద కనిపిస్తుంది కాబట్టి మనం బాబిన్ కేసు విప్పుకుని కూర్చుంటాం, తప్పేమో పైన. మొదట్లో నేనూ ఒక పగలంతా ఆ కేసు స్క్రూ తిప్పుతూనే ఉన్నా, సాయంత్రానికి స్క్రూ కూడా పారేసుకున్నా. కాబట్టి ముందు లివర్ దించండి.

తర్వాత గుడ్డను ముందుకు తోసే పళ్ళు కిందికి దించాలి. మీ మిషన్‌లో ఆ వీలు లేకపోతే కుట్టు పొడవు సున్నాకి పెట్టండి, ఇక గుడ్డను కదిపేది మీ చేతులే. ఫ్రేమ్ మాత్రం చేతి కుట్టుకు పెట్టినట్టు పెట్టకూడదు. పెద్ద రింగ్ బల్ల మీద పెట్టి, దాని మీద గుడ్డ పరిచి, చిన్న రింగ్ లోపలికి నొక్కితే గుడ్డ మిషన్ ప్లేటుకు ఆనుకుని ఉంటుంది. బిగించాక ఏటవాలుగా లాగొద్దు, పువ్వు వంకర పోతుంది.

ముడతల సంగతి. పల్చటి కాటన్ ఒక్కటే అన్ని కుట్లను మోయలేదు, అడుగున బటర్ పేపర్ గానీ కాన్వాస్ పేపర్ గానీ పెట్టి కుట్టి, అయ్యాక చింపేయండి. న్యూస్ పేపర్ మాత్రం వద్దు, సిరా అంటుతుంది. కొత్త గుడ్డైతే ముందే ఒకసారి ఉతికి ఆరేయండి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోయి మళ్ళీ అదే గోల. వేలల్లో పోసి కంప్యూటర్ మిషన్ కొన్నా అడుగున పేపర్ లేకపోతే అదీ ముడతలే వేస్తుంది, ఆ మాట మీ ఆయనకు చెప్పండి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. కలంకారీ గుడ్డ ముక్కలు మిగిలాయి. వాటితో కుషన్ కవర్లు కుట్టి, మీద ఎంబ్రాయిడరీ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, కానీ నింపుడు కుట్లు వేయకండి. కలంతో చేత్తో గీసిన గీతను శాటిన్ కుట్టుతో కప్పేస్తే ఇక అది కలంకారీ ఎందుకు? గీత పక్కనే కాడ కుట్టు, ఆకుల ఈనెల మీద రన్నింగ్ కుట్టు చాలు. దారంలో ఆరు పోగులుంటాయి, ఒకటి రెండు తీసుకుని 9వ నంబరు సూదితో కుట్టండి. చేతి సూదుల్లో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నమవుతుంది, కొట్లో తికమకపడొద్దు. ముందుగా తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసుకోండి, ఎర్ర దారాన్ని కూడా. ఇంకో మాట, ఆ నలుపు బెల్లం నీళ్ళలో ఇనుము ఊరబెట్టి తీసింది, పులుపు పడదు. మరక పడిందని నిమ్మకాయ రుద్దారో, నలుపే పోతుంది. చల్లటి నీళ్ళలో కుంకుడు రసంతో మెల్లగా ఉతికి నీడలో ఆరేయండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. మా పాపకు పదేళ్ళు. సెలవుల్లో చేతి కుట్టు నేర్పాలంటే దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: చేతిరుమాలుతో వద్దు, పల్చగా ఉండి జారుతుంది. కొంచెం మందపాటి కాటన్ ముక్క, మూడు పోగుల దారం, గొలుసు కుట్టు ఒక్కటే. డిజైన్ కోసం పుస్తకాలు వెతకక్కర్లేదు, ఒక తోతాపురి కాయ పేపర్ మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పమనండి, చిలక ముక్కుతో సహా మామిడి పిందె డిజైన్ దానంతటదే వస్తుంది. అలాంటివి ఏడెనిమిది కుట్టి వరసగా కలిపితే గుమ్మానికి తోరణమవుతుంది. దారం మాత్రం మూరెడు మించి ఇవ్వకండి, పొడుగైతే చిక్కులు పడి పాప విసుక్కుంటుంది, ఆ చిక్కులు విప్పే పని మీ మీద పడుతుంది.