బడి మాట: కమిటీ మీటింగులో ఏమడగాలి?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. చీనీ (బత్తాయి) తోట ఉంది. మా పాప జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. నన్ను బడి కమిటీలో మెంబరుగా తీసుకున్నారు. ‘కాలం మారుతోంది, బడిలో ఏం మార్చాలో మీరూ చెప్పండి’ అని హెడ్మాస్టర్ సారు అడిగినారు. కొందరు కంప్యూటర్లు అడగమంటారు, కొందరు ఐఐటీ ఫౌండేషన్ క్లాసులంటారు. ఏఐ వస్తే ఉద్యోగాలే ఉండవని ఇంకొకాయన. వింటుంటే టెన్షన్‌గా ఉంది. నేను చదివింది ఏడో తరగతి. ఏమడగాలి? పాపను అనంతపురంలో హాస్టల్ ఉన్న స్కూల్లో వేయమని మా బావ పోరు పెడుతున్నాడు. వేయాల్నా?
– ఒక తండ్రి, కళ్యాణదుర్గం మండలం

జవాబు: అన్నా, అన్నిటికంటే ముందు ఒకటి కనుక్కోండి. లెక్కలకు, సైన్సుకు, ఇంగ్లీషుకు టీచర్లు ఉన్నారా? ఏదైనా పోస్టు ఖాళీగా ఉంటే మీ మొదటి అర్జీ దానికోసమే. అందరూ ఉంటే మాత్రం వస్తువులు అడగవద్దు, టైమ్‌టేబుల్లో చోటు అడగండి. తొమ్మిదో తరగతికి వారానికి ఒకసారి, వరుసగా రెండు పీరియడ్లు. ఆ సమయంలో పిల్లలు మీ ఊరి సమస్య ఒకటి తీసుకుని కొలవాలి, లెక్క కట్టాలి, కారణం వెతకాలి, తెలుగులో రాయాలి, నలుగురి ముందు నిలబడి చెప్పాలి.

ఈ జిల్లా హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన మనిషిగా అంటున్నాను. 2010లో నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లలకు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వస్తుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. 2019లో అక్కడ కియా కార్లు తయారయ్యాయి. ఈ రోజు తొమ్మిదిలో ఉన్న మీ పాపకు పదిహేనేళ్ల తర్వాత ఏ పని దొరుకుతుందో నేను చెప్పలేను, మీ బావా చెప్పలేడు. ఎప్పుడూ చూడని సమస్య ముందుకొస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిన పిల్ల ఏ పనిలోనైనా నిలబడుతుంది. ఆ అలవాటు చేయించడానికి మీ తోట చాలు.

మీ తోటలో చెట్లకు చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్పే తీసుకుందాం. గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ కింద పది నిమిషాలు సీసా పెడితే సుమారు 667 మిల్లీలీటర్లు పడాలి. పిల్లలు ఫిల్టర్ దగ్గరి చెట్టు కింద ఒక సీసా, లైను చివరి చెట్టు కింద ఒక సీసా పెట్టి కొలుస్తారు. చివర 400 మిల్లీలీటర్లే వచ్చాయనుకోండి. గంటకు 2.4 లీటర్లు, అంటే ఆ చెట్టుకు నూటికి నలభై వంతుల నీళ్లు తక్కువ. ఇక్కడిదాకా లెక్కలు. ఎందుకు తగ్గింది? పైపు పొడవునా ఒత్తిడి తగ్గిందా, ఫిల్టర్లో చెత్త చేరిందా, డ్రిప్పర్‌కు తెల్లగా సున్నం పట్టిందా? ఒత్తిడైతే భౌతికశాస్త్రం. సున్నమైతే ఆ తెల్లపొడి కొంచెం గీకి ల్యాబ్‌కు తెచ్చి, సారు దగ్గరుండగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. పదో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠంలో ఉన్న చర్య అదే. డ్రిప్ లైన్లకు యాసిడ్ పట్టించి కడిగేది కూడా అందుకే. బోర్లు వేయడానికి నిబంధనలు ఎందుకు వచ్చాయో తెలుసుకోవాలంటే నీళ్లు, భూమి, చెట్ల కోసం 2002లో చేసిన వాల్టా చట్టం చదవాలి, అది సాంఘికశాస్త్రం. చివరికి అంతా రెండు పేజీల్లో రాసి మీకే చదివి వినిపించాలి. మీరు ఎదురు ప్రశ్నలు వేయాలి. ఏడో తరగతితో ఆపేశానని వెనక్కి తగ్గొద్దు, ఆ తోట గురించి పరీక్ష పెట్టగలిగింది మీరే.

ఏఐ సంగతీ ఇక్కడే తేలుతుంది. ‘డ్రిప్‌లో నీళ్లు ఎందుకు తగ్గుతాయి’ అని ఫోన్లో అడిగితే పది కారణాలు చెబుతుంది. వాటిలో మీ తోటకు ఏది వర్తిస్తుందో సీసాల లెక్కతో సరిచూసుకోవడం పిల్లలకు రావాలి. కంప్యూటర్లు వస్తే సంతోషమే, ఆ కొలతల పట్టికలు అందులో వేయిస్తే ఉపయోగపడతాయి.

సిలబస్ అయిపోదని టీచర్లు అంటారు. ఆ భయం నిజమైనదే, 600 మార్కుల పరీక్ష వాళ్ల నెత్తిన ఉంది. అందుకే తొమ్మిదిలోనే అడగమంటున్నాను, పదిలో కాదు. ఇది నా సొంత ఆలోచన కూడా కాదు. పని అనుభవం చదువులో భాగం కావాలని 1964-66 నాటి కొఠారి విద్యా కమిషనే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలంది. పరీక్షల పోటీకి పేరుపడ్డ దక్షిణ కొరియాలోనే 2016 నుంచి మిడిల్ స్కూళ్లన్నిటిలో ఒక సెమిస్టర్ రాత పరీక్షలు లేకుండా నడిపారు. ఒక్క జాగ్రత్త: మన బడుల్లో ప్రాజెక్టు అంటే జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి చార్టుకు అంటించడం అయిపోయింది. దాన్ని ఒప్పుకోవద్దు. పిల్లల చేతిరాతలో, వాళ్లు కొలిచిన అంకెలతో ఉంటేనే లెక్క.

ఫౌండేషన్ క్లాసులు వద్దు. పద్నాలుగేళ్ల పిల్లకు ఇంటర్ లెక్కలు ముందే బట్టీ పట్టిస్తే ఈ ఏడాది లెక్కలు కూడా చెడతాయి, అది కళ్లారా చూసిన బాధ నాది. బడిలో టీచర్లు ఉంటే పాపను హాస్టల్‌కు పంపకండి. పది అయ్యాక చదువు ఆపనని, పెళ్లి మాట ఎత్తనని మీ బావ ముందే గట్టిగా చెప్పండి.

ఆడపిల్లలను తోటకు తీసుకెళ్తామంటే కమిటీలో ఎవరో ఒకరు అడ్డు చెప్పవచ్చు. బడి వేళల్లోనే వెళ్లి రావాలి, ఒక లేడీ టీచరు, కమిటీలోని ఒక తల్లి తోడుండాలి. మొదటిసారి మీ తోటకే రమ్మనండి, ఆ రోజు మోటరుకు కరెంటు ఏ వేళకు ఇస్తారో ముందే కనుక్కుని హెడ్మాస్టర్ సారుకు చెప్పండి.