షికాగో దగ్గర మొదటిసారి క్యాంపింగ్: టెంటా, ఆర్‌వీనా, ఎక్కడైతే మంచిది?

మీరు అడిగింది ఇది: ఉండేది షికాగో శివారు నేపర్‌విల్‌లో, ఇద్దరు చిన్నపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వస్తామంటున్నారు, ఇంట్లో ఎవరికీ క్యాంపింగ్ అలవాటు లేదు, టెంటు వేయాలా, ఆర్‌వీ (లోపలే మంచాలు, బాత్రూమ్ ఉండే పెద్ద బండి) తీసుకోవాలా, ఎక్కడికి వెళ్ళాలి అని. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనూ ఇదే చర్చ. మాకు అనుభవంలోకి వచ్చింది రాస్తున్నాను.

చోటు వెతికేటప్పుడు అందరం బీచ్, కొండ, జలపాతాల ఫొటోలు చూస్తాం. అవి పగటి సంగతులు. పగలు కారెక్కి ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు. క్యాంప్‌గ్రౌండ్‌ని మాత్రం రాత్రిని బట్టి ఎంచుకోండి. అర్ధరాత్రి మామయ్యగారికి బాత్రూమ్ ఎంత దూరం? దారి చదునేనా? సైటు (టెంటు వేయడానికో, ఆర్‌వీ పెట్టడానికో మీకిచ్చే చోటు) దగ్గర కరెంటు ఉందా? పెద్ద వాన మొదలైతే ఎక్కడికి పోతారు? వీటికి జవాబు దొరికితే మీ చోటు దానంతటదే తేలుతుంది.

మా ఇంట్లో దీన్ని తేల్చింది నాన్న సీపాప్ మెషిన్, నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడేలా గాలి పంపేది. రాత్రంతా కరెంటు లేకపోతే ఆయనకు నిద్ర లేదు. మాకు మొదట మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బలుండే ఇండియానా డ్యూన్స్ మీద మనసుండేది. అక్కడ ఆనుకుని రెండు వేర్వేరు పార్కులున్నాయి, చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. 2019లో నేషనల్ పార్క్ హోదా వచ్చినదాంట్లో డ్యూన్‌వుడ్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. చెట్ల నీడ, వేడినీళ్ళ షవర్లు ఉన్నాయి, కానీ సైటు దగ్గర కరెంటు లేదు. బీచ్‌కి కారులోనే వెళ్ళాలి, రాత్రి రైలు కూతలు వినిపిస్తాయి. పక్కనున్న స్టేట్ పార్క్ 1925 నాటిది. దాని క్యాంప్‌గ్రౌండ్‌లో సైటు సైటుకీ కరెంటు ఉంటుంది, బీచ్‌కి నడిచే వెళ్ళవచ్చు. మేం స్టేట్ పార్కే తీసుకున్నాం. టెంటులోకి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి మెషిన్ పెట్టాం, నాన్న హాయిగా పడుకున్నారు. ఒక్క విషయం, నేషనల్ పార్కుల వార్షిక పాస్ స్టేట్ పార్క్ గేటు దగ్గర చెల్లదు.

అయితే మీరు మొట్టమొదట వెళ్ళాల్సింది అక్కడికి కూడా కాదని నా అభిప్రాయం. విల్లో స్ప్రింగ్స్‌లోని క్యాంప్ బుల్‌ఫ్రాగ్ లేక్‌తో మొదలుపెట్టండి. కుక్ కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్స్ వాళ్ళది. టెంటు సైట్లు, ఆర్‌వీ సైట్లు, క్యాబిన్లు మూడూ ఒకే చోట ఉంటాయి. అత్తయ్యగారికి, మామయ్యగారికి క్యాబిన్ తీసుకుని, మీరూ పిల్లలూ టెంటు వేసుకోండి. క్యాబిన్‌లో మంచాలుంటాయి, దుప్పట్లు, దిండ్లు మీరే తెచ్చుకోవాలి. పెద్దవాళ్ళకు టెంటులో అసలు కష్టం పడుకోవడం కాదు, నేల మీది గాలిపరుపు మీంచి పొద్దున్నే లేవడం. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకు మడతమంచం కొన్నాకే ఆ బాధ తప్పింది. సరస్సులో ఈత లేదు, చేపలు పట్టుకోవచ్చు, చుట్టూ నడక దారులున్నాయి. లెమాంట్ గుడి అక్కడికి దగ్గరే, ఆదివారం పొద్దున టెంటు విప్పేసి దర్శనం చేసుకుని ఇంటికి వెళ్ళవచ్చు. అన్నిటికన్నా పెద్ద ధైర్యం ఏమిటంటే, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా, పిల్లలు ఏడ్చి గోల చేసినా, మీ ఇల్లు ఎంతో దూరం ఉండదు.

ఇక ఆర్‌వీ. పెద్దవాళ్ళకు మంచం, లోపలే బాత్రూమ్, ఏసీ దొరుకుతాయి, అది నిజమే. కానీ కొత్తగా నడిపేవాళ్ళకు అదో టెన్షన్: వెనక్కి తీసి సైటులో పెట్టాలి, కరెంటు, నీళ్ళు కలపాలి, వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్ దగ్గర మురుగు ట్యాంకు ఖాళీ చేయాలి. ఆర్‌వీ అద్దెకు తీసుకుంటే దాని పొడవెంతో, 30 ఆంప్స్ ప్లగ్గా 50 ఆంప్స్ ప్లగ్గా కనుక్కుని, ఆ తర్వాతే సైటు బుక్ చేయండి. అద్దె, డీజిలో గ్యాసో, సైటు ఖర్చు అన్నీ కలిపితే రెండు రాత్రులకు క్యాబిన్ కంటే చాలా ఎక్కువవుతుంది. వారం రోజుల ప్రయాణమైతే ఆర్‌వీకి అర్థముంది, వారాంతానికి లేదు.

రెండోసారికి, ఉత్తరం వైపు వెళ్ళేట్టయితే జయాన్‌లోని ఇల్లినాయ్ బీచ్ స్టేట్ పార్క్ బాగుంటుంది. కరెంటు ఉంది, నేల చదును, మిషిగన్ సరస్సు పక్కనే. ఇల్లినాయ్ స్టేట్ పార్కుల్లో ప్రవేశ రుసుము కూడా ఉండదు. ఇల్లినాయ్‌లోనే ఉన్న స్టార్వ్‌డ్ రాక్ స్టేట్ పార్క్ లోయలు వానల తర్వాత చూడాలి, అప్పుడే జలపాతాలు పారుతుంటాయి. మెట్లు మాత్రం చాలా ఉన్నాయి, మామయ్యగారు ఎక్కగలరో లేదో చూసుకోండి. మిషిగన్‌లోని వారెన్ డ్యూన్స్ ఇసుక దిబ్బలంటే మా పిల్లలకు ప్రాణం. అక్కడ మన గడియారానికి ఒక గంట ముందు నడుస్తుంది, చెక్-అవుట్ అప్పుడు గుర్తుంచుకోండి. విస్కాన్సిన్‌లోని డెవిల్స్ లేక్ వీటన్నిటికంటే అందమైంది, కాకపోతే మూడు గంటల డ్రైవ్. అక్కడ సైట్ల బుకింగ్ 11 నెలల ముందే తెరుస్తారు, వేసవి వారాంతాలు చాలా త్వరగా అయిపోతాయి.

సైటు నంబరు ఎంచుకునేటప్పుడు మ్యాప్ పెద్దది చేసి చూడండి. బాత్రూమ్‌కి మరీ ఆనుకుని తీసుకుంటే రాత్రంతా లైటు మొహం మీద పడుతుంది, తలుపు చప్పుడు ఆగదు. రెండు మూడు సైట్ల అవతల అయితే సరిగ్గా సరిపోతుంది. పల్లంలో ఉన్న సైటు వద్దు, వానొస్తే నీళ్ళు టెంటు కిందికే వస్తాయి. ఉరుములు వినగానే పిల్లల్ని కారులోకి ఎక్కించండి, టెంటు పిడుగు నుంచి కాపాడదు. మే నెలలో పగలు ఎండగా ఉన్నా రాత్రి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పడిపోతుంది, ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు అది గట్టి చలే.

వంటకి మొదటి రాత్రి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోండి. చీకట్లో టెంటు వేస్తూ స్టవ్ వెలిగించే ఓపిక ఎవరికీ ఉండదు. మిగిలిందంతా కారులో పెట్టి తాళం వేయండి. రకూన్లు కూలర్ మూత తీయడం నేర్చుకున్నాయి, మా పెరుగు డబ్బా అలాగే పోయింది. కుక్కర్ కూతలు, పాటలు రాత్రి పదికల్లా ఆగిపోవాలి, దాదాపు అన్ని చోట్లా అదే నియమం. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ఇలా మోసుకెళ్ళిన కట్టెల్లో కూడా ఊళ్ళు దాటి కోట్ల యాష్ చెట్లను చంపేసింది. పార్కు దగ్గరే కొనండి. గడ్డిలో తిరిగొచ్చాక పిల్లల చెవుల వెనక, మోకాళ్ళ మడతల్లో టిక్స్ (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయేమో చూడండి, వాటివల్ల లైమ్ వ్యాధి వస్తుంది.

శుక్రవారం రాత్రులు దొరక్కపోతే ఆదివారం వెళ్ళి సోమవారం తిరిగొచ్చేట్టు చూడండి, ఒక్కరోజు సెలవు పెడితే సరిపోతుంది. తేదీలు, మామయ్యగారు ఎంత దూరం నడవగలరు అన్నది రాస్తే, ఏ సైటు నంబర్లు బాగుంటాయో మ్యాప్ చూసి చెప్తాను.